పుస్తకానికో వాటా

పోర్ట్ బ్లెయిర్,
జూలై 9

సిరాజ్ బావకి,

నీ చెవి మిషను మళ్ళీ ఈల వేస్తోందని నసీమా చెల్లెమ్మ ఫోనులో చెప్పింది. నీతో ఫోనులో అరిచే ఓపిక నాకూ లేదు. ఇక ఉత్తరాలే రాసుకుందాం. ఉత్తరం ఆలస్యంగా వస్తుందేమో గాని, మాటకి ముందోసారి వెనకోసారి "ఏటీ? ఏటీ?" అని అడగదు.

ఇక్కడ మా బడిలో లైబ్రరీ పీరియడు నాకు అంటగట్టారు. నా క్లాసులో ఎక్కువమంది మన జాలరుల పిల్లలే, తాతల కాలంలో మన వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. పుస్తకం చేతికిస్తే అట్ట చూసి తిరిగిచ్చేస్తున్నారు. అందుకని పుస్తకాలివ్వడం పక్కన పెట్టి, అసలు గ్రంథాలయాలు ఎలా పుట్టాయో కథలుగా చెబుతున్నాను. మొన్న అలెగ్జాండ్రియా గురించి చెప్పాను. అదీ మన ఊరిలాగే ఓడరేవు. ఓడ రాగానే రాజుగారి మనుషులు ఎక్కి పుస్తకాలేమైనా ఉన్నాయా అని వెతికేవారట. దొరికితే పట్టుకెళ్ళి నకలు రాయించి, నకలు ఓడవాళ్ళకిచ్చి, అసలుది "ఓడలది" అని గుర్తు వేసి దాచుకునేవారట. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు.

ఇక అసలు సంగతి. విశాఖలో మన జాలరుల పేటలో నాన్న పెట్టిన పుస్తకాల గది ఉంది కదా. అందులో పుస్తకాలన్నీ కొత్తగా కట్టిన సాగర విజ్ఞాన భవనం వాళ్ళు తీసుకుంటామంటున్నారు. గురునాథరావు గారని అక్కడి అధికారి, మంచి మనిషి, తనే ఫోను చేశారు. ఏసీ హాలు, అద్దాల బీరువాలు, "పోలిరాజు విభాగం" అని నాన్న పేరుతో పలక. పేటకి బదులుగా ఒక పెద్ద కంప్యూటరు తెర ఇస్తారు. ప్రతి పుస్తకమూ ఫొటోలు తీసి అందులో పెడతారు. నేను సరేనన్నాను. డిసెంబరులో వచ్చి తీసుకెళ్తారు.

ఈలోగా నువ్వు వాటి కుట్లూ వెన్నులూ చూసి బాగుచేసి పెట్టాలి. మీ నాన్నగారు బైండు చేసినవి, వాటి మీద నీ చెయ్యి తప్ప ఇంకొకరిది పడకూడదు. గంగాలమ్మక్కకి కూడా నువ్వే నెమ్మదిగా చెప్పు. ఇన్నేళ్ళూ ఆ గది తాళం మోసి అలిసిపోయి ఉంటుంది. సంతోషిస్తుందనే అనుకుంటున్నాను.

నీ
అర్జునరావు

* * *

వన్ టౌన్, విశాఖపట్నం,
జూలై 28

అర్జున్ బావకి సిరాజ్ సలాం.

నీ ఉత్తరం నసీమా చదివి వినిపిస్తానంది. చెవులు పోయాయి గాని కళ్ళు ఉన్నాయే అని లాక్కున్నాను.

ముందు నీ రాజుగారి సంగతి. అసలుది తను దాచుకుని ఓడవాడికి నకలిచ్చి పంపాడంటే, మా వన్ టౌన్‌లో దాన్ని దొంగతనం అంటారు. నువ్వు పిల్లలకి ఏ పేరు పెట్టి చెప్పావో మరి.

పేటకి వెళ్ళాను. గది అలాగే ఉంది. పైన సిమెంటు రేకులు, గోడల వెంట చెక్క బీరువాలు, గుమ్మం నిండా వలలు. అక్క ఎండు చేపల బుట్ట దించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని తాళం తీసింది. పుస్తకం పట్టుకోగానే మా అబ్బాజాన్ గుర్తొచ్చాడు. బైండింగు గుడ్డ కొనే స్తోమత లేక పోలిరాజు మావయ్య చిరిగిపోయిన తెరచాప తెచ్చిస్తే అదే వెన్నులకి వేశాడు. కుట్టు కూడా వల దారంతోనే. ఇన్నేళ్ళకీ సడలలేదు. నాకు పెద్ద పనేమీ మిగల్చలేదు మా అబ్బాజాన్.

మొదలు లేని పుస్తకం కూడా కనపడింది. అదే బావా, మొదటి పేజీలు ఎప్పుడో పోయి, పేరేమిటో కూడా ఎవరికీ తెలియని ఆ ఓడల కథ. వేట నిషేధం నెలల్లో పేటంతా కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటే మావయ్య దాన్ని పైకి చదివేవాడు కదా. పోయిన మొదలు మాత్రం ఏడాదికొకటి సొంతంగా కల్పించేవాడు. ఒక ఏడు ఓడ నాయకుడు రాజు కొడుకు, మరుసటేడు మన గంగాలమ్మక్క పెనిమిటి. ఆ ఏడు పాపం మీ బావగారు వారం రోజులు తలెత్తుకు తిరగలేదు. దానికి ముందు నాలుగు తెల్ల కాగితాలు కుట్టమంటావా?

గణేష్ కలిశాడు. చిన్నప్పుడు మన వెనక తిరిగేవాడు, ఇప్పుడు సొంత బోటు. పాత రోజులు తలుచుకున్నాం. సీజను మొదటి వేటలో వచ్చిన చేపలు గట్టున వేలం పాట పెట్టి అమ్మాక బోటుకో వాటా, వలకో వాటా, బోటు మీద పనిచేసే కళాసీలకి తలో వాటా అని పంచేవారు. చివర్న మావయ్య "పుస్తకానికో వాటా" అని కేక పెట్టేవాడు. ఆ గదిని కూడా బోటెక్కి వేటకొచ్చిన మనిషిలాగే లెక్కేసేవారు. ఈ పుస్తకాలన్నీ ఆ వాటాతో కొన్నవే. మావయ్య పోయాక కేక పెట్టేవాడు లేక ఆ అలవాటు కూడా పోయింది.

అక్కకి చెప్పాను. టీ ఇచ్చింది. బాగానే ఉంది. ఒక్క మాట అడిగింది, "సిరాజూ, ఆ మేడలోన వల పరుసుకోనిత్తారేటి?" అని. నాకు వినపడనట్టు టీ తాగేశాను.

నీ
సిరాజ్

* * *

పోర్ట్ బ్లెయిర్,
ఆగస్టు 19

సిరాజ్ బావా,

నువ్వు రాజుగారిని దొంగ అన్నప్పుడు ఎవరిని అన్నావో తెలియనంత అమాయకుణ్ణి కాను. కోపం వచ్చింది. రెండు రోజులు ఉత్తరం రాయబుద్ధి కాలేదు.

హుద్‌హుద్ తుపాను నాడు నువ్వు నీ బైండింగు షాపు కాపాడుకునే గొడవలో ఉన్నావు. నేను గదిలో ఉన్నాను. రేకులు లేచిపోయాయి. నాన్న చేపల గంపల్లో పుస్తకాలు నింపి, ఒక్కొక్క గంపా నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో మోశాడు. సగం దక్కాయి. మిగతా సగం తడిసి ముద్దయిపోతే, ఎండాక ఆ ముద్దల్ని చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ ఏడాది దాటాక ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని చెప్పింది ఒక్కటే మాట, "తడవనీకురా" అని. ఇంటి గురించి చెప్పలేదు, బోటు గురించి చెప్పలేదు.

నేను ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చేశాను. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో చెప్పినప్పుడల్లా రాత్రంతా టీవీ ముందే కూర్చుంటాను. ఏం చెయ్యను, ఇక్కణ్ణుంచి వచ్చి రేకులు పట్టుకోనా?

ఈ వారం పిల్లలకి నినెవే చెప్పాను. ఎప్పుడో, ఏసుక్రీస్తుకి ముందు, ఒక రాజు మట్టి పలకల మీద రాయించిన పుస్తకాలన్నీ కోటలో పోగేశాడు. శత్రువులు కోట తగలబెట్టారు. ఆ మంటల్లో మట్టి పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి, అందుకే ఇప్పటికీ ఉన్నాయి అంటారు. తగలబెట్టినవాళ్ళే కాపాడారన్నమాట. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మనవి మట్టి పలకలు కావు బావా, కాగితాలు. వాటికి ఒక్క వాన చాలు.

యూరప్‌లో ఒకప్పుడు పుస్తకాలకి గొలుసులు వేసి బల్లకి బిగించేవారు. చదువుకునే మనిషే అక్కడికి వెళ్ళాలి, పుస్తకం కదలదు. ఇదివరకు ఆ బొమ్మ చూస్తే ఏం మనుషులురా అనుకునేవాణ్ణి. పోగొట్టుకుని ఉంటారు, పాపం, అందుకే కట్టేసుకున్నారు.

తెల్ల కాగితాలు కుట్టు. పని ఆపకు.

అర్జునరావు

* * *

వన్ టౌన్,
అక్టోబరు 30

బావా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ముందే చెబుతున్నాను, అక్క క్షేమం, అందరూ క్షేమం, పుస్తకాలు కూడా ఉన్నాయి.

వాయుగుండం వానలు నువ్వూ వార్తల్లో చూసే ఉంటావు. ఆ రోజుల్లో నేను గాజువాకలో మా అమ్మాయి మాహిరా ఇంట్లో చిక్కుకుపోయాను. బస్సుల్లేవు, ఆటోల్లేవు. వాన తగ్గాక పేటకి వచ్చేసరికి గది మీద రెండు రేకులు లేవు. తలుపు తీసి ఉంది. బీరువాలు ఖాళీ.

గట్టు మీదికి పరిగెత్తాను. అక్కడ, నెత్తళ్ళ చేపలు ఎండబెట్టే వలల మీద, వరుసగా మన పుస్తకాలు. ఒక వరుస నెత్తళ్ళు, ఒక వరుస పుస్తకాలు. అక్కా, మిగతా ఆడాళ్ళూ వంగి ఒక్కొక్క పేజీ విడదీసి తిరగేస్తున్నారు.

"ఏంటక్కా ఇది?" అన్నాను.

"ఏటేటి? సేపల్ని ఎలగెండబెడతామో అలగే ఎండబెట్టినాం. పొద్దుగాల ఓపాలి, మజ్జేనం ఓపాలి తిరగేసినాం. ఒక్క కాయితం సిరగనీలేదు, సూడు," అంది.

నిజంగానే సిరగలేదు బావా. నీడలో ఆరబెట్టాలని నేనుంటే చెప్పేవాణ్ణి. ఎండకి అట్టలు కొంచెం వంకరపోయాయి, అది నేను బరువు పెట్టి సరిచేస్తాను. కానీ వాళ్ళు పరిచిన వలల్లో ఏళ్ళ తరబడి నెత్తళ్ళు ఎండాయి కదా. తడి కాగితం ఆ వాసనంతా పీల్చేసింది. ఇప్పుడు గది తలుపు తీస్తే ఎండు చేపల బజారులోకి వెళ్ళినట్టే ఉంది. పేటలో పిల్లులన్నీ గుమ్మం ముందు బారులు తీరాయి. ఈమధ్య కాలంలో ఆ గదికి అంతమంది పాఠకులు రాలేదని గణేష్ నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. "తమ్ముడు తిడతాడేటి?" అని నన్ను రెండుసార్లు అడిగింది.

ఏం చెప్పమంటావు?

సిరాజ్

* * *

పోర్ట్ బ్లెయిర్,
నవంబరు 14

బావా,

తిట్టనని చెప్పు. కానీ ఇక చాలు. గురునాథరావు గారికి ఫోను చేశాను. డిసెంబరు దాకా ఆగకుండా ముందే వస్తారు. ఉన్నవి ఉన్నట్టు ఇచ్చెయ్యండి. నాన్నకిచ్చిన మాట ఇంకొక వానకి వదిలెయ్యలేను.

అర్జునరావు

* * *

వన్ టౌన్,
డిసెంబరు 2

అర్జున్ బావకి,

గురునాథరావు గారు వచ్చారు, వ్యానుతో సహా. నువ్వన్నట్టు మంచి మనిషే. చెప్పులు బయట విడిచి గదిలోకి వచ్చారు. తెరచాప గుడ్డ వెన్నులు నిమిరి చూసి, ఇలాంటివి ఎక్కడా చూడలేదండీ అన్నారు. మొదలు లేని పుస్తకం తెరిచి రెండు పేజీలు నిలబడే చదివారు. జేబురుమాలు మాత్రం ముక్కు మీద నుంచి తియ్యలేదు.

చివరికి బయటికొచ్చి గాలి పీల్చుకుని చెప్పారు. వాళ్ళ హాలుకి కిటికీలు లేవట, అంతా ఏసీ. ఒక్క బీరువా పెడితే చాలు, భవనమంతా చేపల వాసన తిరుగుతుంది. పైవాళ్ళు ఒప్పుకోరు అన్నారు. ఇంకా ఏదో అడిగారు గాని నా మిషను ఈల వేసింది. అక్కకి నమస్కారం పెట్టి ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయారు.

అక్క తాళం వేసి, బుట్ట ఎత్తుకుని గోపాలపట్నం సంతకి వెళ్ళింది.

నీ
సిరాజ్

* * *

పోర్ట్ బ్లెయిర్,
డిసెంబరు 20

సిరాజ్,

గురునాథరావు గారు నాతో మాట్లాడారు. మిషను ఈల వేసినప్పుడు ఆయన అడిగినదేమిటో నాకు తెలిసింది. ఈ వాసన పోగొట్టే ఉపాయం మీ బైండింగువాళ్ళ దగ్గర ఏమైనా ఉందా అని అడిగారట. నువ్వు, "కూర్చోండి సార్, టీ వస్తోంది" అన్నావట. మీ స్నేహితుడికి పాపం బొత్తిగా వినపడదండీ అని ఆయన నా దగ్గర జాలిపడ్డారు.

మన చిన్నప్పుడు గదిలో లాంతరు తన్నేసి పుస్తకాల మీద కిరసనాయిలు ఒలకబోసింది ఎవరు? నువ్వూ నేనూ. మీ నాన్నగారు వాటిని బొగ్గులు పోసిన చెక్కపెట్టెలో మూసి పెట్టి, కొన్ని వారాల తర్వాత తీస్తే వాసన లేదు. ఆ పెట్టె ఇప్పటికీ నీ షాపులో కుట్టు బల్ల కింద ఉంది. నేను నా కళ్ళతో చూశాను.

పాత తాటాకు గ్రంథాలకి పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాసేవారని, కట్టల మధ్య వస కొమ్ము పెట్టేవారని నిన్ననే పిల్లలకి చెప్పాను. తరాల తరబడి ఆ వాసన పోగొట్టుకోకుండా కాపాడుకున్నారు. మన పుస్తకాలకి వాసన పోగొట్టేవాడుండీ చెయ్యలేదు.

ఎందుకు బావా? నాన్న నాకు ఆఖరున చెప్పిన మాట నీకు తెలిసి కూడా?

అర్జునరావు

* * *

వన్ టౌన్,
జనవరి 11

అర్జున్ బావకి,

వినపడింది. ఆయన అడిగిన ప్రతి అక్షరమూ వినపడింది. ఆ రోజు మిషను ఈల కూడా వెయ్యలేదు.

ఆయన అడుగుతుంటే నేను అక్కని చూశాను. గుమ్మం పక్కన నిలబడి ఉంది, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని. మీ అక్కని నేనెప్పుడూ అలా చూడలేదు. బొగ్గు మాట నా నాలుక చివర దాకా వచ్చింది. నాకు చేతకాలేదు బావా. టీ గురించి మాట్లాడేశాను. మీ నాన్నకిచ్చిన మాట నీది. ఈ అబద్ధం నాది. దీనికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

అసలు అక్క ఏమందో నీకు ఒక్క ముక్కే రాశాను. జూలైలోనే ఇంకా చాలా అంది. "తాళం బరువని ఎవడన్నాడు? నాకు సదువు రాదు గానీ, ఎవులు సదివినా గుమ్మంలో కూకుని ఇనీదాన్ని. ఆ తెర ఇత్తే నానేటి సేసుకోను? నా ఇనికిడి కూడా పట్టుకుపోతారేటి?" అంది. నీకు నొప్పి కలుగుతుందని రాయలేదు. రాయకపోవడం తప్పు.

ఇంకో సంగతి. గురునాథరావు గారు వెళ్ళిన మర్నాడు గణేష్ బోటు వేట నుంచి వచ్చింది. పాట అయ్యాక, సీజను మొదటి వేట కాకపోయినా, గణేష్ గట్టు మీద నిలబడి "పుస్తకానికో వాటా" అని కేక పెట్టాడు. కుర్ర కళాసీలకి అదేమిటో తెలియదు. ముసలాళ్ళు చెప్పారు. తర్వాత వచ్చిన బోట్లూ ఇచ్చాయి. రేకులు తీసేశారు, పైన శ్లాబు పోస్తున్నారు. నేను వెళ్ళి ఇనుప చువ్వలు లాగి చూశాను, గట్టివే. కప్పు మూసేదాకా పుస్తకాలు గణేష్ మేడ మీద గదిలో ఉన్నాయి, పొడిగా.

ఇప్పుడు నిర్ణయం నీదే. పెట్టె బల్ల కిందే ఉంది, బొగ్గులు కొనుక్కొచ్చి పెట్టాను. నువ్వు ఊఁ అంటే ఈసారి దాపరికం లేకుండా వాసన పోగొట్టి, నేనే వాటిని ఆ భవనానికి మోసుకెళ్ళి అప్పగిస్తాను. అక్కకి కూడా నేనే చెబుతాను. 

మా అబ్బాయి సొహైల్ పనిచేసే ఓడ మీ రేవుకి వస్తోంది. వాడి చేత మొదలు లేని పుస్తకం పంపుతున్నాను. అట్ట సరిచేశాను. తెల్ల కాగితాలు మాత్రం కుట్టలేదు, సూది పట్టుకుంటే మావయ్య నవ్వుతున్నట్టు అనిపించింది. వాసన అలాగే ఉంచాను. నువ్వే చూసి చెప్పు.

సిరాజ్

* * *

పోర్ట్ బ్లెయిర్,
ఫిబ్రవరి 6

సిరాజ్ బావకి,

సొహైల్ వచ్చి పుస్తకం ఇచ్చి, అన్నం తిని వెళ్ళాడు. అచ్చం నీలాగే, కూరలో ఉప్పు తక్కువైందని మొహం మీదే చెప్పాడు.

స్టాఫ్ రూములో కట్ట విప్పగానే ఇద్దరు మాస్టార్లు లేచి బయటికి పోయారు. నేను పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. బావా, వాన పాడుచేసిన వాసన అనుకున్నాను కదా. అది నాన్న వాసన. వేట నుంచి వచ్చి, చేతులు ఎంత తోమి కడుక్కున్నా పోని ఆ వాసనతోనే పేజీలు తిప్పేవాడు. చిన్నప్పుడు నాకు పుస్తకమంటే అదే వాసన. ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు. తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాను, నీకు చెప్పడానికి సిగ్గులేదు.

తర్వాత పుస్తకం క్లాసుకి పట్టుకెళ్ళాను. దేవిశ్రీ అని ఒక పిల్ల ఉంది, ఏడాదంతా ఒక్క పుస్తకం ముట్టుకోలేదు. తనంతట తనే బల్ల దగ్గరికి వచ్చి వాసన చూసి, "సార్, మా నానమ్మ దగ్గర ఇలాగే ఉంటాది" అంది. ఆ మాటకి మిగతావాళ్ళూ వచ్చి మీద పడ్డారు. ఆ పిల్ల పుస్తకం తెరిచి, "మొదలు ఏది సార్?" అని అడిగింది. పోయింది అని చెప్పబోయాను. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. ఒక రేవులో ఒక ఓడ ఉందని, ఆ ఓడకి నాయకుడు కాదు, నాయకురాలు అని, ఆమె పేరు గంగాలమ్మ అని చెప్పాను. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

నిన్ను తిట్టే పని తర్వాత పెట్టుకుంటాను. అక్క అన్న మాటలు జూలైలోనే రాసి ఉంటే ఇంత దూరం రాకపోయేది. నేనూ అడగలేదులే. అక్కని ఒక్క మాట అడగకుండా సరేనన్నవాణ్ణి నేను. నాన్న తడవనీకురా అన్నాడు గాని, పేట నుంచి తీసెయ్యమనలేదు. శ్లాబు పోస్తున్నారంటే ఆయన మాట నిలబెట్టింది గణేష్ వాళ్ళే.

గురునాథరావు గారికి చెప్పేశాను. ఆయనకి అంతగా నచ్చితే కెమెరా పట్టుకుని పేటకి రమ్మన్నాను. చాప వేస్తాం, టీ ఇస్తాం, కావలసినన్ని ఫొటోలు తీసుకోవచ్చు. నకలు ఆయన పట్టుకెళ్తారు, అసలుది మన దగ్గర ఉంటుంది. ఆయన నవ్వి, వస్తానన్నారు. 

అక్క నిన్ను జూలైలో అడిగిన మాటకి ఇప్పుడు జవాబు చెప్పు, వల పరుచుకునే చోటే పుస్తకాలు ఉంటాయని. వేట నిషేధం మొదలయ్యేసరికి మా బడికి సెలవులు వస్తాయి. ఈ పుస్తకం పట్టుకుని వస్తాను. ఈ ఏడు మొదలు నేను చెబుతాను, నువ్వు ముందు వరుసలో కూర్చో, మిషను పెట్టుకుని.

బొగ్గులు కొన్నానన్నావు కదా. అవి కుంపట్లో పోసి, అక్క చేత నాలుగు చేపలు కాల్పించుకుని తిను.

నీ బావ
అర్జునరావు